రెండు రంగుల మసి

సంక్రాంతికి ముందు మామ్మ వంటింటికి సున్నం వేయించేది. అంతకు ముందురోజు గోడల మసి తుడిచే పని పిల్లలది. అమలాపురం దగ్గరి ఆ వంటింట్లో మసి రెండు రకాలు. కిరసనాయిలు బుడ్డి పెట్టే గూట్లోది నల్లగా, పొడిగా, వేలికి కాటుకలా అంటుకునేది. కొబ్బరి డొక్కలూ మట్టలూ మండే పొయ్యి పైనున్నది గోధుమ రంగులో, జిడ్డుగా, ఎంత రుద్దినా వదిలేది కాదు. గుడ్డ చూస్తే చాలు, ఏ మూల తుడిచిందో తెలిసిపోయేది. ఊరి గాలిలో బండ్ల పొగ ఎంత, పొయ్యిల పొగ ఎంత అని తేల్చే యంత్రానికి ఆధారం ఈ తేడాయేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

గాలిలో మసిని కొలవడం తెల్ల కాగితంతోనే మొదలైంది. వందేళ్ల కిందట లండన్‌లో జాన్ స్విట్జర్ ఓవెన్స్ వడపోత కాగితం గుండా గాలిని లాగించి, పడ్డ మరక ఎంత నల్లగా ఉందో ఒక నమూనా పట్టీతో పోల్చి చూసేవారు. ఇంటింటా బొగ్గే కాల్చే నగరానికి ఆ లెక్క సరిపోయింది. 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో టిహోమిర్ నోవాకోవ్ మళ్లీ మసిని పట్టుకున్నారు. ఆయన సహచరుడు టోనీ హాన్సెన్ తయారుచేసిన పరికరం గురించి 1984లో ప్రకటించారు. పేరు ఏథలోమీటర్; మసిబార్చడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. తెల్లటి పట్టీ గుండా గాలి పోతూ ఉంటుంది, పైనుంచి దీపం వెలుగుతూ ఉంటుంది. అవతలికి దిగే వెలుగు ఎంత తగ్గితే అంత మసి. మరక బాగా ముదరగానే పట్టీ సినిమా రీలులా కాస్త జరిగి కొత్త చోటు ఇస్తుంది. మనిషి కన్ను అక్కర్లేదు, రాత్రీ పగలూ లెక్క పడుతూనే ఉంటుంది.

తర్వాత ఒక్క దీపం పోయి, అతినీలలోహితం నుంచి పరారుణం దాకా ఏడు రకాల దీపాలొచ్చాయి. డీజిల్ మసి అన్ని రంగుల వెలుగునూ మింగుతుంది. కట్టె పొగలోని జిడ్డు మాత్రం నీలం వైపు వెలుగునే ఎక్కువగా మింగుతుంది, అందుకే అది గోధుమ రంగు. స్విట్జర్లాండ్‌లో రోవెరెడో అనే ఆల్ప్స్ లోయ ఊరుంది. పక్కన పెద్ద రహదారి, ఇళ్లలో చలికి కట్టెల పొయ్యిలు. జిస్కా శాండ్రదేవి బృందం అక్కడి గాలిలో నీలి వెలుగు ఎంత తగ్గింది, పరారుణం ఎంత తగ్గింది అని పక్కపక్కన పెట్టి, బండ్ల వాటానూ కట్టెల వాటానూ విడదీసి 2008లో చూపించింది.

మన వైపు ఇదే ప్రశ్నకు రసాయనాలతో జవాబు వెతికారు. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2005లో హైదరాబాద్‌లో మూడు చోట్ల, మూడు కాలాల్లో 180 నమూనాలు పట్టారు. శరత్ గుట్టికుండ తదితరులు ప్రచురించిన ఆ లెక్కలో పీఎం10 అనే ధూళి కణాల్లో 60 శాతానికి పైగా బండ్ల పొగ, రోడ్డు దుమ్మే. ఊపిరితిత్తుల లోతుకు పోయే మరింత సన్నటి పీఎం2.5లో పరిశ్రమల బొగ్గూ, చెత్త మంటలూ కలిశాయి. ఇలాంటి లెక్కలో ఒక్కో పొగకు ఒక్కో ఆనవాలు: మట్టిదుమ్ముకు సిలికాన్, కట్టె పొగకు పొటాషియం.

పొటాషియం అనగానే నాకు మా పెరడు గుర్తొస్తుంది. డొక్కల బూడిదను మామ్మ కొబ్బరి మొదళ్లలో పోయించేది. డొక్కలో పొటాష్ మెండు, దాని పొగ ఆల్ప్స్ కట్టె పొగలాగే ఉండాలని లేదు. అలాంటప్పుడు నీలి వెలుగుకూ పరారుణానికీ మధ్య తేడాలో అక్కడి కట్టెలకు కుదిరిన అంకెను తెచ్చి కోనసీమ గాలికి అంటించడం నాకు నచ్చదు. ముందు ఇక్కడి డొక్కనూ, ఎండుమట్టనూ, వానకు తడిసిన ఆకునూ కాల్చి, ఆ పొగను విడివిడిగా కొలవాలి. ఆ తర్వాతే అమలాపురం గడియార స్తంభం సెంటర్లో ఏది బస్సు పొగో, ఏది పొయ్యి పొగో ధీమాగా చెప్పగలం.

భోగి మంట ఒక్క తెల్లవారుజాముది. మామ్మ పొయ్యి ఏడాది పొడుగునా రెండు పూటలా మండేది, ఆమె దగ్గు కూడా అలాగే. ఊదుగొట్టం పట్టుకుని కూర్చునే పీటకూ పొయ్యికీ మధ్య మూరెడు దూరం. ఆ మూరెడు గాలిని మా ఇంట్లో ఎవరూ కొలవలేదు.