మధ్యసాగర పర్వతశ్రేణుల జీవసమాజములు

మహాసముద్రముల నడుమ, నీటి యడుగున, సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున భూగోళమును చుట్టుకొనియున్న పర్వతపంక్తులకు మధ్యసాగర పర్వతశ్రేణులని పేరు. భూపటలమునందలి ఫలకములు ఇరుప్రక్కలకు తొలగుచుండగా, ఆ చీలికలోనికి శిలాద్రవము ఎగసివచ్చి, చల్లబడి, నూతన సముద్రతలమగుట వలన ఇవి ఏర్పడుచున్నవి. వీని నాశ్రయించి బ్రదుకు ప్రాణులను గూర్చి మానవుడు తెలిసికొనినదంతయు గడచిన రెండు శతాబ్దుల లోనిదే; అందును అధికభాగము, తంతితీగలు వేయుటకో, భూమి నిర్మాణము నెఱుగుటకో పోయినవారికి తలవని తలంపుగా చేజిక్కినది.

ఆవాసములు: శ్రేణి శిఖరరేఖకు సమీపమున, క్రొత్తగా గట్టిపడిన బసాల్టు శిల నగ్నముగా నుండును, దూరమేగిన కొలది శిల వయస్సు హెచ్చి, దానిపై మెత్తని ఒండ్రు పేరుకొనును. శిలలపై స్పంజికలును, శీతలజల ప్రవాళములును పాదుకొని, ప్రవాహము తెచ్చు ఆహారకణములను గ్రహించును. ఒండ్రునేలపై సముద్రదోసకాయలును, పెళుసు నక్షత్రములును సంచరించును. ఈ రెండు సమాజములకును ఆధారము, సూర్యరశ్మి సోకు పైనీటినుండి మెల్లగా రాలివచ్చు మృతజీవకణములే. మూడవ ఆవాసము ఉష్ణజల బిలములు. పగుళ్లలోనికి దిగిన సముద్రజలము శిలాద్రవపు వేడిమిచే కాగి, లోహములను గంధక సమ్మేళనములను కరగించుకొని పైకెగయును. దాని వేడిమి 350 డిగ్రీల సెంటిగ్రేడునకు మించినను, పైనున్న జలభారము వలన అది మరుగజాలదు. మిక్కిలి చల్లనైన అడుగునీటిని తాకినంతనే అందలి ఖనిజములు విడివడి, పొగగొట్టముల వంటి స్తంభములుగా పెరుగును.

తొలి అన్వేషణలు: ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1841-42 లలో ఈజియన్ సముద్రమున వలలీడ్చి చూచి, లోతు పెరిగిన కొలది ప్రాణులు తగ్గుచుండుట గమనించి, సుమారు 550 మీటర్లకు దిగువన జీవము లేదని నిర్ణయించెను. 1860 లో మధ్యధరా సముద్రగర్భమునుండి మరమ్మతునకై పైకి లాగిన తంతితీగకు ప్రవాళములు అంటుకొని వచ్చుటతో ఆ నిర్ణయము సడలెను. 1872 నుండి 1876 వఱకు సాగిన చాలెంజర్ నౌకాయాత్రలో, అట్లాంటిక్ మహాసముద్రపు అడుగునీటి ఉష్ణోగ్రత తూర్పుపడమరల భిన్నముగా నుండుటను బట్టి, నడుమ ఒక అడ్డుకట్ట కలదని పండితులు ఊహించిరి. జర్మన్ నౌక మెటియోర్ 1925-27 లలో ధ్వనితరంగములతో లోతులు కొలిచి ఆ పర్వతశ్రేణి ఆకారమును స్పష్టపరచెను. హిందూ మహాసముద్రమున, భారతీయ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతిగా పనిచేసిన సేమూర్ సీవెల్ నాయకత్వమున, ఈజిప్టు నౌక మబాహిస్ 1933-34 లలో పరిశోధనలు జరిపి, కార్ల్స్‌బర్గ్ శ్రేణిని పరిశీలించెను. 1950 దశకమున సముద్రతల పటరచయిత్రి మేరీ థార్ప్, అట్లాంటిక్ శ్రేణి నడినెత్తిని చీల్చుకొని పోవు లోయను తన పటములలో గుర్తించెను. 1962 లో భూగర్భశాస్త్రజ్ఞుడు హారీ హెస్, సముద్రతలము ఈ శ్రేణులయందే పుట్టి విస్తరించునని ప్రతిపాదించెను. ఇట్టిచోట వేడినీటి ఊటలుండవలెనన్న తర్కము దానినుండియే వెలువడెను.

1977 నాటి మలుపు: ఆ ఊటలను వెదకుచు 1977 ఫిబ్రవరిలో గలపాగస్ ద్వీపముల చెంత, ఆల్విన్ అను జలాంతర్గామిలో దిగిన బృందమునందు భూగర్భ, రసాయన శాస్త్రజ్ఞులే కాని ప్రాణిశాస్త్రజ్ఞుడొక్కడును లేడు. సుమారు 2,500 మీటర్ల లోతున, గోరువెచ్చని నీటిచుట్టు, పెద్ద ఆల్చిప్పలును, తెల్లని పీతలును, ఎఱ్ఱని కొసలుగల గొట్టపు పురుగులును క్రిక్కిఱిసియుండుట వారికి కనబడెను. రిఫ్టియా యని పేరొందిన ఆ పురుగు రెండు మీటర్ల వఱకు పెరుగును. దానికి నోరు లేదు, జీర్ణకోశము లేదు. 1981 లో, అప్పటికి విద్యార్థినియైన కొలీన్ కావనా, దాని దేహాంతరమున బాక్టీరియా నివసించుననియు, అవి హైడ్రోజన్ సల్ఫైడ్ నుండి శక్తిని గ్రహించి తమ ఆశ్రయదాతను పోషించుననియు నిరూపించెను. విషమైన సల్ఫైడును, ప్రాణవాయువును ఒక్కసారిగా మోయగల రక్తవర్ణకము ఆ పురుగునకు కలదు. అయినను దానికి సూర్యునితో బంధము బొత్తిగా తెగలేదు. ఏలయన, అది వాడుకొను ప్రాణవాయువు పైనున్న వృక్షజాలము విడిచినదే.

తరువాతి పరిశోధనలు: 1979 లో తూర్పు పసిఫిక్ శ్రేణిపై నల్లని ద్రవమును వెడలగ్రక్కు ఖనిజస్తంభములు కనబడెను. 1985 లో అట్లాంటిక్ శ్రేణిపై గొట్టపు పురుగులకు బదులు, రిమికారిస్ అను రొయ్యల గుంపులు దొరకెను. వీనికి సామాన్యమైన కన్నులు లేకున్నను, మందమైన వెలుగును గ్రహించు అవయవము వీపున కలదు. 1991 లో తూర్పు పసిఫిక్ శ్రేణిపై అగ్నిపర్వతము ప్రేలి పూర్వజీవులను నశింపజేయగా, మరల వలసవచ్చిన రిఫ్టియా ఏటికి 85 సెంటీమీటర్లకు మించి పెరిగెను. 2000 లో అట్లాంటిక్ శ్రేణికి 15 కిలోమీటర్ల దూరమున, శిలాద్రవమునకు బదులు శిలాజలముల రసాయనచర్యపై ఆధారపడిన తెల్లని సున్నపుస్తంభముల క్షేత్రము బయలుపడెను. అదే సంవత్సరమున హిందూ మహాసముద్రమున కైరేయి అను బిలక్షేత్రమును జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మఱుసటి యేట అందు, పాదమునిండ ఇనుప సల్ఫైడు పూసిన పొలుసులుగల నత్త లభించెను.

పరిరక్షణ: ఈ బిలముల చెంత పేరుకొను రాగి, జింకు, బంగారము, వెండి ఖనిజముల కొఱకు అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో పలుదేశములు అన్వేషణ ఒప్పందములు చేసికొనినవి. మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర శ్రేణులపై 10,000 చదరపు కిలోమీటర్ల మేర భారతదేశమునకు 2016 లో అట్టి హక్కు లభించినది. గని త్రవ్వకమువలన కలుగు ముప్పును బట్టి, ఆ పొలుసుల నత్త 2019 లో అపాయస్థితిలోనున్న జాతిగా నమోదైనది. ఒక్కొక్క బిలక్షేత్రము చిన్నది, దూరస్థము. ఒకచోట నశించిన జాతి మరల నెలకొనుట, వేరొకచోటినుండి పిల్లజీవులు ప్రవాహమున కొట్టుకొనివచ్చుటపై ఆధారపడును. బిలములకు దూరముగా శిలలపై మందగతిని పెరుగు ప్రవాళములను, స్పంజికలను త్రవ్వకపు ఒండ్రు కప్పివేయగలదు. కావున ఏ క్షేత్రమునందైనను యంత్రము దిగుటకు ముందే, అందలి జాతుల జాబితా సిద్ధమై, వాని రాకపోకల మార్గములు తెలిసియుండుట అత్యావశ్యకము.