అన్న మాట – పడ్డ మనిషి
(యూదుల చరిత్ర నుంచి కొన్ని సంగతులు)

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు అడిగారు. రాజులు, యుద్ధాలు అందరూ రాస్తారు. మాట మర్యాద గురించి యూదుల పెద్దలు ఏం చెప్పారో రాద్దామనుకున్నాను. కారణం చివర మనవి చేస్తాను.

యూదుల ధర్మసూత్రాలు చాలాకాలం నోటిమాటగానే సాగాయి. క్రీ.శ. 200 ప్రాంతంలో యూదా హనాసి అనే గురువు వాటిని ‘మిష్నా’గా కూర్చారు. దానిపై తరతరాలుగా జరిగిన చర్చలు కలిసి ‘తాల్ముద్’ అయింది. ఇందులో క్రయవిక్రయాల మోసాలు చెప్పిన చోటే మాటతో చేసే అన్యాయమూ చెప్పారు. కొనే ఉద్దేశం లేకుండా దుకాణదారుని ధర అడగరాదు. (సాయంత్రం షికారుకు వెళ్ళి బజారంతా బేరమాడి వట్టి సంచీతో వచ్చే మనం కాస్త ఆలోచించాలి!) చెడునడత మానుకున్నవాడికి పాత సంగతులు ఎత్తిచూపరాదు. రోగంతో, దుఃఖంతో ఉన్నవాడితో ‘నీవు చేసుకున్నదే’ అన్న ధోరణిలో మాట్లాడరాదు. డబ్బు మోసం కంటే ఇది పెద్ద తప్పన్నారు. పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇవ్వవచ్చు. అన్న మాట ఎలా తిరిగి ఇస్తాం?

నలుగురిలో మనిషిని సిగ్గుపరచడం రక్తం చిందించడంతో సమానమని తాల్ముద్ చెబుతుంది. అవమానం పడ్డవాడి ముఖంలో ఎరుపు పోయి తెలుపు రావడమే దానికి తార్కాణమట.

మాటల్లోనే కాదు, ఆచారాల్లోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది. పూర్వం చావు జరిగిన ఇంటికి భోజనం పంపేటప్పుడు కలవారికి వెండి బంగారు బుట్టల్లోనూ, లేనివారికి కొమ్మలతో అల్లిన బుట్టల్లోనూ తీసుకువెళ్ళేవారు. పేదలు చిన్నబుచ్చుకుంటున్నారని, అందరికీ కొమ్మల బుట్టలే వాడాలని పెద్దలు కట్టడి చేశారు.

క్రీ.శ. 70లో టైటస్ నాయకత్వంలో రోమన్ సైన్యం జెరూసలేం దేవాలయాన్ని ధ్వంసం చేసింది. రోమన్ అధికారుల దౌర్జన్యం, యూదుల ముఠా తగాదాలు కారణాలని చరిత్రకారులంటారు. తాల్ముద్ మరో కథ చెబుతుంది. ఒక ధనికుడు మిత్రుడైన కమ్సాను విందుకు పిలవమంటే, సేవకుడు పొరపాటున శత్రువైన బర్ కమ్సాను పిలిచాడు. పొమ్మన్న ధనికుడితో, ‘తిన్నదానికి డబ్బిస్తాను, విందు ఖర్చులో సగమిస్తాను, మొత్తమిస్తాను, నన్ను అవమానించవద్దు’ అని బతిమాలాడు బర్ కమ్సా. అయినా గెంటేశారు. అక్కడున్న పండితులు నోరు మెదపలేదు. మనసు విరిగిన అతడు రోమన్ చక్రవర్తి దగ్గర చాడీలు చెప్పాడట. కథలో తప్పు గెంటినవాడిది మాత్రమే కాదు, చూస్తూ కూర్చున్నవారిది కూడా.

1873లో ఇజ్రాయెల్ మెయిర్ కగన్ అనే గురువు పరనిందపై ‘హాఫెజ్ హాయిమ్’ అనే గ్రంథం ప్రచురించారు. చివరకు జనం ఆయన్నే ఆ పేరుతో పిలిచారు. నిజమే అయినా ఒకరి చెడు మరొకరికి చెప్పరాదని, ఎవరికైనా హాని తప్పించవలసి వస్తేనే, అదీ హద్దుల్లో, చెప్పవచ్చని ఆయన వివరించారు.

ఇక నా సంగతి. సర్వీసులో ఉండగా లెక్కల్లో తేడా వచ్చిందని, నా దగ్గర పనిచేసే గుమాస్తా గారిని సెక్షనంతా వింటుండగా చెడామడా తిట్టాను. నాకంటే వయసులో పెద్దవారు. మారు మాట్లాడలేదు. సాయంత్రం చూస్తే కూడికలో పొరపాటు నాది! మర్నాడు మెట్ల దగ్గర ఒంటరిగా కలిసి, ‘ఏమీ అనుకోకండి’ అన్నాను. ‘ఫర్వాలేదు సార్’ అన్నారు. అందరి ఎదుట తిట్టి, ఎవరూ లేనిచోట మన్నించమన్నాను. రిటైరైన కొద్దికాలానికే ఆయన కాలం చేశారు.

సాటి మనిషికి చేసిన తప్పు, అతన్ని సమాధానపరచనిదే ప్రాయశ్చిత్త దినాన కూడా తీరదని మిష్నా చెబుతుంది. ఆ మనిషి చనిపోతే, పదిమందిని వెంటబెట్టుకుని సమాధి దగ్గర తప్పు ఒప్పుకోవాలంటుంది తాల్ముద్. ఆయనకు సమాధి లేదు. పదిమందిని మాత్రం ఈ సంచిక నాకు ఇచ్చింది. మిత్రులారా, ఆనాటి తప్పు ఆయనది కాదు, నాది. ఆయన పిల్లలెవరైనా ఇది చదివితే నన్ను మన్నించ ప్రార్థన.