నల్లిబొక్క, మూలుగ, మజ్జ

ఆదివారం పొద్దున చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో మటన్ దుకాణం ముందు నిలబడితే వినపడే మాట: "అన్నా, నల్లిబొక్క రెండెయ్యి." నల్లి అంటే గొట్టం. కంచం అంచుకు తాటిస్తే అందులోంచి జారేది మూలుగ. తమిళంలో దీని తోబుట్టువు మూళై అంటే మెదడు, కన్నడంలో మూళె అంటే ఎముక. ఆసుపత్రి కాగితం మీదికి మాత్రం సంస్కృత మజ్జ ఎక్కింది. ఆయుర్వేదం చెప్పే ఏడు ధాతువుల్లో ఆరోది. డాక్టరు "బొక్కల మూలుగ" అంటే చాలు, మన అవ్వలకు చప్పున అర్థమవుతుంది.

మూలుగ తీసి చూసే పరీక్షంటే వెన్నుపూసలో సూది అని చాలామంది వణికిపోతారు. కాదు, సాధారణంగా గుచ్చేది తుంటి ఎముక వెనుక అంచున. పెద్దయ్యాక నెత్తురు తయారుచేసే ఎర్ర మూలుగ మిగిలేది అలాంటి ఎముకల్లోనే. నల్లిలోది చాలావరకు కొవ్వు. తీసిన చుక్కల్లో ఇప్పుడు జన్యువులనూ చదువుతున్నారు. మూలుగ చెడే మైలోడిస్‌ప్లాసియాలో ఎస్ఎఫ్3బి1 అనే జన్యువులో మార్పు ఒక్కటే ఉంటే జబ్బు సాధారణంగా మెల్లగా నడుస్తుంది. టీపీ53 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటే గడ్డుకాలమే. ఈ జబ్బు ముప్పును లెక్కగట్టే, 2022లో వచ్చిన అంచనా పద్ధతి 31 జన్యువులను లెక్కలోకి తీసుకుంటుంది.