సైనికుడు – అధ్యక్షుడు – కుటుంబం: ముస్తఫా కెమాల్ అటాటర్క్

1. పరిచయం

సికింద్రాబాద్‌లోని సైనిక్‌పురి పేరే దాని పుట్టుకను చెబుతుంది. సైన్యంలో పనిచేసి పదవీ విరమణ పొందినవారు స్థిరపడటానికి ఏర్పడిన కాలనీ అది. మన దేశంలో సైనికుని జీవితం సాధారణంగా ఇలాగే సాగుతుంది. యూనిఫారం విడిచిన తరువాత అతడు పౌరులలో ఒక పౌరుడు. రాజ్యాంగం 53వ అధికరణ ప్రకారం రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతిది. అయినా సైన్యాన్ని వృత్తిగా స్వీకరించినవారెవరూ ఇంతవరకు ఆ పదవిని చేపట్టలేదు. తెలుగువారిలో వి.వి. గిరి కార్మికోద్యమం నుంచి, నీలం సంజీవరెడ్డి స్వాతంత్ర్యోద్యమం నుంచి వచ్చి రాష్ట్రపతులయ్యారు. భూసేనాధిపతిగా పనిచేసిన జనరల్ కె.వి. కృష్ణారావు విరమణానంతరం గవర్నరయ్యారు. అదీ పౌర ప్రభుత్వ నియామకమే.

సైనికుడే దేశాధ్యక్షుడైతే ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నను పరిశీలించడానికి టర్కీ తొలి అధ్యక్షుడు ముస్తఫా కెమాల్ జీవితం తగిన ఉదాహరణ. అతని నిర్ణయాలలో ఒకటి హైదరాబాదు చరిత్రను కూడా తాకింది. అందువల్ల ఈ భాగంలో అతని పాలనతో పాటు రెండు కుటుంబాలను గమనిద్దాం. ఒకటి అతని సొంత కుటుంబం, రెండోది అతని ప్రభుత్వం దేశం నుంచి పంపివేసిన కుటుంబం.

2. బాల్యం, సైనిక విద్య

ముస్తఫా 1881లో ఉస్మానియా సామ్రాజ్యంలోని సలోనికా నగరంలో జన్మించాడు. ఆ నగరం నేడు గ్రీసులో ఉంది. తండ్రి అలీ రిజా మొదట సుంకాల శాఖలో చిన్న ఉద్యోగి, తరువాత కలప వ్యాపారి. తల్లి పేరు జుబెయ్దె. వారికి పుట్టిన ఆరుగురు పిల్లలలో ముస్తఫా, అతని చెల్లెలు మక్బూలె మాత్రమే పెరిగి పెద్దవారయ్యారు.

కుమారుడు మతపాఠశాలలో చదవాలని తల్లి, కొత్త పద్ధతి పాఠశాలలో చదవాలని తండ్రి కోరుకున్నారు. పిల్లవాణ్ణి మొదట మతపాఠశాలలో చేర్చి, కొద్దికాలానికే రెండోదానికి మార్చారు. ఆ కాలపు ఉస్మానియా సమాజంలోని సంఘర్షణ ఒక ఇంటిలోనే ఎలా కనిపించిందో దీనివల్ల తెలుస్తుంది. తండ్రి చనిపోయేనాటికి ముస్తఫా వయస్సు దాదాపు ఏడేళ్లు. కొన్నేళ్ల తరువాత అతడు తల్లికి చెప్పకుండా సైనిక పాఠశాల ప్రవేశ పరీక్ష రాశాడు. అక్కడి గణిత ఉపాధ్యాయుడే అతనికి 'కెమాల్' అనే పేరు చేర్చాడు. దాని అర్థం పరిపూర్ణత. 1905లో అతడు ఇస్తాంబుల్ స్టాఫ్ కళాశాల నుంచి కెప్టెన్ హోదాతో బయటికి వచ్చాడు.

1912లో సలోనికా గ్రీకుల వశమైంది. తల్లి, చెల్లెలు కాందిశీకులై ఇస్తాంబుల్ చేరారు. సరిహద్దుల మార్పు అతనికి యుద్ధపటం మీది గీత మాత్రమే కాదు, పుట్టిల్లు పోగొట్టుకున్న అనుభవం కూడా.

3. యుద్ధభూమి నుంచి అధ్యక్ష పదవికి

1915లో గల్లీపోలి యుద్ధం అతనికి ఖ్యాతి తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానియా ఓడిపోయిన తరువాత 1919 మే 19న అతడు సాంసున్ రేవులో దిగి ప్రతిఘటన ఉద్యమాన్ని కూడగట్టాడు. అదే ఏడాది జులైలో ఉస్మానియా సైన్యానికి రాజీనామా చేశాడు. 1920 ఏప్రిల్ 23న అంకారాలో జాతీయ మహాసభ సమావేశమైంది. 1922 సెప్టెంబరులో అతని సేనలు ఇజ్మీర్‌ను తిరిగి స్వాధీనం చేసుకున్నాయి. 1923 అక్టోబరు 29న గణతంత్రం ప్రకటించబడింది. కెమాల్ అధ్యక్షుడయ్యాడు.

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. సైన్యం వల్ల ఎదిగిన కెమాల్, సైన్యాన్ని రాజకీయాల నుంచి వేరుచేయాలని భావించాడు. సేనాధిపతులుగా ఉంటూనే సభ్యులుగా కొనసాగుతున్నవారు 1924లో ఏదో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. అతడు 1927లో సైన్యం నుంచి అధికారికంగా విరమించాడు. అయితే పౌరపాలన అంటే ప్రజాస్వామ్యమే అనుకోరాదు. 1925లో ప్రతిపక్షమైన ప్రగతిశీల గణతంత్ర పార్టీని మూసివేశారు. దేశంలో ఏకపార్టీ పాలన సాగింది.

4. కుటుంబ జీవితం – కుటుంబ చట్టం

తల్లి జుబెయ్దె 1923 జనవరిలో మరణించింది. అదే నెల 29న కెమాల్ ఇజ్మీర్‌కు చెందిన సంపన్న వర్తకుని కుమార్తె, యూరప్‌లో చదువుకున్న లతీఫెను వివాహమాడాడు. ఆమె ముసుగు లేకుండా అతనితో పర్యటనలు చేసింది. కొత్త టర్కీ స్త్రీకి నమూనాగా ఆమెను చూశారు. కాని 1925 ఆగస్టులో ఆ వివాహం ముగిసింది. భర్త ఇష్టంతోనే విడాకులు పూర్తయ్యే పాత పద్ధతి అప్పటికింకా అమలులో ఉంది. మరుసటి ఏడాదే, 1926లో, స్విట్జర్లాండ్ నమూనాలో పౌరస్మృతి వచ్చింది. బహుభార్యాత్వం రద్దయింది, విడాకులు న్యాయస్థానం పరిధిలోకి వచ్చాయి. లతీఫెకు లభించని రక్షణ ఆమె తరువాతి స్త్రీలకు లభించింది.

కెమాల్‌కు సొంత సంతానం లేదు. పలువురు బాలికలను దత్తపుత్రికలుగా పెంచాడు. వారిలో అఫెత్ ఇనాన్ చరిత్రకారిణి అయింది. సబిహా గోక్చెన్ యుద్ధవిమాన చోదకురాలైంది. 1937లో దెర్సిమ్ ప్రాంతపు తిరుగుబాటుపై జరిగిన సైనిక చర్యలో ఆమె పాల్గొంది. స్త్రీల పురోగతికి ప్రతీక అయిన ఆమె పేరే, సొంత పౌరులపై ప్రయోగించిన బలంతో కూడా ముడిపడి ఉంది. స్త్రీలకు 1930లో పురపాలక ఎన్నికలలో, 1934లో జాతీయ ఎన్నికలలో ఓటుహక్కు వచ్చింది. 1934లోనే ఇంటిపేర్ల చట్టం వచ్చింది. జాతీయ మహాసభ అతనికి 'అటాటర్క్' అనే ఇంటిపేరు ఇచ్చింది. ఆ పేరు మరెవరూ పెట్టుకోరాదు. చెల్లెలు మక్బూలెకు సైతం 'అటాదాన్' అనే వేరే ఇంటిపేరే వచ్చింది.

5. వెళ్లగొట్టబడిన కుటుంబం – హైదరాబాదు

1924 మార్చి 3న ఖలీఫా పదవి రద్దయింది. ఉస్మానియా రాజవంశీకులందరినీ దేశం నుంచి బహిష్కరించారు. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహ్వార్‌కు అప్పటికి పదేళ్లు. భారతదేశంలో 1919 నుంచి సాగిన ఖిలాఫత్ ఉద్యమానికి ఇది తీవ్రమైన దెబ్బ. ఖిలాఫత్ రక్షణ కోసం ఇక్కడి ముస్లింలు పంపిన విరాళాలలో కొంత భాగం 1924లో టర్కీలో స్థాపించిన ఇష్ బ్యాంకుకు మూలధనమైంది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రవాసంలోని ఖలీఫాకు నెలకు 300 పౌండ్ల భత్యం ఏర్పాటు చేశాడు. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాతో దుర్రు షెహ్వార్‌కు, రెండవ కుమారుడు మొఅజ్జం జాతో అదే రాజవంశానికి చెందిన నీలోఫర్‌కు వివాహాలు జరిగాయి. హైదరాబాదులోని దుర్రు షెహ్వార్ ఆసుపత్రి, నీలోఫర్ ఆసుపత్రి నేటికీ వారి పేర్లను నిలుపుతున్నాయి.

6. మరణం, వీలునామా

అటాటర్క్ 1938 నవంబరు 10న ఇస్తాంబుల్‌లో మరణించాడు. పదవి ఏ బంధువుకూ సంక్రమించలేదు. జాతీయ మహాసభ ఇస్మెత్ ఇనోనూను ఎన్నుకుంది. అతడూ పూర్వ సైనికాధికారే. వీలునామాలో అటాటర్క్ ఇష్ బ్యాంకు వాటాలను తన పార్టీకి అప్పగించాడు. వాటి ఆదాయం నుంచి చెల్లెలికి, దత్తపుత్రికలకు నెలవారీ మొత్తాలు, ఇనోనూ పిల్లల చదువుకు సహాయం, మిగిలినది టర్కీ భాషా, చరిత్ర సంస్థలకు చెందాలని రాశాడు.

7. సారాంశం

అటాటర్క్ వంశపాలనను అంతం చేశాడు, తానుగా వంశపాలనను స్థాపించలేదు. స్త్రీల హక్కులను చట్టంలో చేర్చాడు, ప్రతిపక్షానికి మాత్రం చోటివ్వలేదు. అతడు విడదీయాలనుకున్న సైన్యం, రాజకీయాలు 1960లోనూ, 1980లోనూ సైనిక తిరుగుబాట్లతో మళ్లీ కలిశాయి. యూనిఫారం విడవడం ఒక వ్యక్తి నిర్ణయంగా మిగిలితే అతనితోనే పోతుంది. అది సంస్థల కట్టుబాటుగా మారినప్పుడే నిలుస్తుంది. సైనిక్‌పురి వంటి కాలనీలలో విశ్రాంత సైనికులు సాధారణ ఓటర్లుగా జీవించడం వెనుక ఉన్నది అటువంటి కట్టుబాటే.

8. మాదిరి ప్రశ్నలు

1. కెమాల్ బాల్యంలో ఉస్మానియా సమాజపు సంఘర్షణ ఎలా కనిపిస్తుంది?
2. 1926 పౌరస్మృతి కుటుంబ వ్యవస్థలో తెచ్చిన మార్పులను వివరించండి.
3. ఖలీఫా పదవి రద్దుకు, హైదరాబాదు రాజకుటుంబానికి గల సంబంధాన్ని చర్చించండి.