లారీ కమానుల కథ

లారీ ఇరుసు మీద విల్లువలె వంగియుండు ఉక్కు పట్టీల దొంతరను తెలుగునాట మెకానికులు ‘కమాను కట్ట’ అందురు. పారసీక భాషలో కమాను అనగా విల్లు. ఈ పేరు సార్థకమైనది. విల్లును వంచుటలో విలుకాడు పడిన శ్రమ వృథా పోదు. అది శక్తిరూపమున వింటిలో నిలిచి, బాణమును వదలినపుడు వెలువడును. కమాను కట్ట కూడ గుంటలోని కుదుపును తనలో ఇముడ్చుకొని, పిదప మెల్లగా విడుచును.

ఈ సాధనము విలువ కడప జిల్లా ప్రజలకు బాగుగా తెలియును. మద్రాసు నుండి కడప మీదుగా వేసిన రైలుమార్గము 1871 నాటికి రాయచూరు చేరినది. కాని పెన్నా తీరమున నున్న ప్రొద్దుటూరును అది తాకలేదు. సమీపమున నున్న స్టేషను ఎఱ్ఱగుంట్ల. ప్రొద్దుటూరికి రైలు వచ్చినది 2016లో, నంద్యాల–ఎఱ్ఱగుంట్ల మార్గము తెరచినప్పుడు. కనుక నడుమ గడచిన 145 ఏండ్లును ఈ ప్రాంతపు ప్రత్తి, వేరుసెనగ రైలెక్కవలెనన్న, ముందు బండినో లారీనో ఎక్కవలసి వచ్చెడిది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరముల నల్లరేగడి వానకు బురదయై, ఎండకు నెఱ్ఱెలు వాఱును. పులివెందుల వైపు రాతినేల, గుట్టలు.

ఇట్టి దారులలో ఎడ్లబండి స్ప్రింగు లేకుండగనే తరతరములు నడచినది. ఇది ఎట్లు సాధ్యమైనది? కారణములు రెండు. పెద్ద చక్రము చిన్న గుంటలో లోతుగా దిగదు. ఎడ్ల నడక గంటకు సుమారు 4 కిలోమీటర్లే. లారీ అదే దారిలో 40 కిలోమీటర్ల వేగముతో పోయినచో వేగము 10 రెట్లగును. చలనశక్తి వేగము వర్గమును బట్టి పెరుగును గనుక, చక్రము రాతికి తగిలినప్పటి తాకిడి శక్తి 100 రెట్ల వరకు పెరుగవచ్చును. స్ప్రింగు లేని మోటారు బండి ఆ తాకిళ్లకు ఎంతోకాలము నిలువజాలదు.

స్ప్రింగుల శాస్త్రము ఐరోపాలో గుఱ్ఱపు బండ్లతో మొదలైనది. 1665లో లండను రాయల్ సొసైటీకి చెందినవారు బండ్లకు స్ప్రింగులను అమర్చి పరీక్షించిరి. 1678లో రాబర్టు హుక్ తన ప్రసిద్ధ సూత్రమును ప్రకటించెను: స్ప్రింగు సాగుట దానిపై బలమునకు అనులోమముగా నుండును. 1804 ప్రాంతమున ఒబడయా ఎలియట్ అను ఆంగ్లేయుడు రెండు పట్టీల కట్టలను, రెండు విండ్లను ఎదురెదురుగా చేర్చినట్లు, దీర్ఘవృత్తాకారముగా కూర్చెను. లారీలలో మనము చూచునది అందులో సగము. అందుచేతనే దానిని అర్ధ దీర్ఘవృత్త స్ప్రింగు అందురు.

ఒకే దళసరి పట్టీకి బదులు అనేకము ఎందుకు? పట్టీ బిగువు దాని మందము ఘనమును బట్టి మారును. ఒక పట్టీని, మందములో నాలుగవ వంతుగల 4 పట్టీలుగా మార్చితిమనుకొనుడు. ఒక్కొక్క దాని బిగువు 64వ వంతు. నాలిగింటిదీ కలిపి 16వ వంతు. అనగా ఉక్కు అంతే, వంగుట మాత్రము 16 రెట్లు. విడి కాగితముల పుస్తకము సులభముగా వంగును. అవే కాగితములను జిగురుతో అంటించిన అట్ట వంగదు. ఇక భారము ఎక్కువగా వంచునది కట్ట నడుమను గనుక అచ్చట పట్టీలు ఎక్కువ, కొనల వైపు తక్కువ. పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుట వలన ఊగు కూడ కొంత అణగును.

దారిలేని నేలపై ఈ కట్టకు గొప్ప పరీక్ష రెండవ ప్రపంచ యుద్ధమున జరిగినది. అమెరికాలో 5 లక్షలకు మించి తయారైన రెండున్నర టన్నుల జి.ఎం.సి. లారీలలో అధికభాగమునకు వెనుక రెండు ఇరుసులు ఉండెడివి. ఆ రెండిటికిని ప్రక్కకొక కట్టను తలక్రిందుగా నుంచి, దాని నడుమను చట్రమునకు తగిలించి, రెండు కొనలను చెరియొక ఇరుసుపై మోపిరి. కట్ట త్రాసు దండెము వలె పనిచేసెను. ఒక చక్రము రాతినెక్కిన, రెండవది క్రిందికి ఒత్తబడి నేలను విడువకుండెడిది. గాలిలో తేలిన చక్రము ఊరక తిరుగునే గాని బండిని లాగదు. 1945లో యుద్ధము ముగిసిన పిదప మిగిలిన సైనిక వాహనములు మన దేశమున అనేకము పౌరుల చేతికి వచ్చినవి. 1948లో మద్రాసు దగ్గర ఎన్నూరున అశోక్ మోటార్స్ సంస్థ వెలసినది; 1954లో జంషెడ్‌పూరున టాటా లారీల నిర్మాణము మొదలైనది. కమాను కట్టయే వాటికిని ఆధారము.

కట్టను అమర్చుటలో కొన్ని నియమములు కలవు. ముందు కొన చట్రమునకు పిన్నుతో బిగియును. వెనుక కొన ‘షాకిల్’ అను ఊగు లంకెకు తగులును. కట్ట చదునైనప్పుడు కొనల నడుమ దూరము పెరుగును గనుక ఈ లంకె తప్పనిసరి. ఇరుసును పట్టియుంచు యు బోల్టులు సడలినచో పట్టీలు నడిమి రంధ్రము వద్ద విరుగును. కావున క్రొత్త కట్టను బరువుతో నడిపిన పిదప మరల బిగింపవలెను. బండి ఎగసినప్పుడు భారమంతయు పై పట్టీ మీదనే పడకుండ ప్రక్క క్లిప్పులు కాపాడును.

కడప బండలను మోయు లారీకి మరి రెండు పట్టీలు చేర్చిన చాలునని తోచవచ్చును. చేర్చినచో కట్ట బరువును మోయును; కాని తక్కువగా వంగును. మింగని కుదుపు ఎచ్చటికి పోవును? చట్రమునకు, ఇరుసుకు, టైరుకు, రోడ్డుకు, చివరకు డ్రైవరు వెన్నెముకకు. బరువు వలన కట్ట 10 సెంటీమీటర్లు దిగినచో బండి నిమిషమునకు సుమారు 95 సార్లు ఊగును. ఆ దిగుడు నాలుగవ వంతైనచో ఊగులు రెట్టింపగును. ఖాళీ లారీ ఎగిరెగిరి పడుటకు ఇదే కారణము. బ్రేకు వేసిన క్షణమున చక్రము నేలపై లేకున్న బండి ఆగదు. ప్రాణాపాయము అచ్చటనే కలదు.

నేడు తక్కువ పట్టీలతో, కొనలకు పోను పోను పలుచనగు పారబోలిక్ కమానులు వచ్చినవి. వాటి వెనుక నున్న సూత్రము క్రొత్తది కాదు. కమాను బలము ఎదురు నిలుచుటలో లేదు, తగినంత వంగి మరల లేచుటలో కలదు. రెండు స్కేళ్లను బల్ల అంచున ఒకదానిపై నొకటి పెట్టి, కొనకు తూకపు రాళ్లు వ్రేలాడదీసి, వంగుటను కొలిచి, ఒకే స్కేలు వంగుటతో పోల్చినచో విద్యార్థులు దీనిని తరగతిలోనే కనుగొనగలరు.