నీలి కాగితం మీద నాచుమొక్క



ఉద్యోగంలో ఉన్న రోజులలో మా పాఠశాల సంచికకు ఛాయాచిత్రకళ పుట్టుకను గురించి ఒక చిన్న వ్యాసం వ్రాశాను. ఛాయాచిత్రాలతో వెలువడిన తొలి పుస్తకం టాల్బట్ గారి 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' అని అందులో ఢంకా బజాయించి చెప్పాను. పిల్లలు దానిని వక్తృత్వపు పోటీలలో వల్లెవేశారు కూడాను. అది తప్పు. ఆ తప్పు దిద్దుకొనడానికే ఈ టపా.

టాల్బట్ సామాన్యుడు కాడు. 1833 అక్టోబరులో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున కూర్చుని బొమ్మ గీయబోతే చేయి సాగలేదట. ప్రకృతి తన బొమ్మను తానే గీసుకుంటే ఎంత బాగుండును అన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఆయన వృక్షశాస్త్రం తెలిసినవాడు. అందుచేత వెండి లవణం పూసిన కాగితం మీద మొట్టమొదట ఎండలో పరచినవి ఆకులు, పూరెమ్మలు, లేసు ముక్కలు. 1835 వేసవిలో చిన్న చిన్న చెక్కపెట్టెలు చేయించి ఇంటి చుట్టూ పెట్టాడు. వాటిని ఆయన భార్య ఎలుకబోనులని వేళాకోళం చేసేది. ఆ ఆగస్టులో తీసిన కిటికీ బొమ్మ తపాలా బిళ్ళంత ఉంటుంది.

ఇక జాన్ హెర్షెల్. యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్ కుమారుడు. ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతంలో ఉంటూ గసగసాల పువ్వులు, వయొలెట్లు నూరి, ఆ రసం కాగితానికి పూసి ఎండబెట్టేవాడు. ఎండ తగిలిన చోట రంగు వెలిసిపోతుంది, నీడ పడ్డ చోట నిలుస్తుంది. బొమ్మ తయారు కావడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పట్టేది. ఇంత శ్రమపడి సాధించిన బొమ్మను స్థిరపరచే ఉపాయం మాత్రం లేదు. వెలుతురులో పెట్టి చూస్తే అది కూడా క్రమంగా వెలిసిపోతుంది! దాచుకుంటే ఉంటుంది, చూసుకుంటే పోతుంది. అదే 1842లో ఆయన రెండు ఇనుప లవణాలు కలిపి మరొక పద్ధతి కనిపెట్టాడు. ఎండ సోకిన చోట ముదురు నీలం ఏర్పడుతుంది, తక్కినది మంచినీళ్ళతో కడిగితే పోతుంది. దాని పేరు సయనోటైపు. ఇంజనీర్ల బ్లూప్రింటుకు మూలం ఇదే.

ఆ నీలిరంగును అందిపుచ్చుకున్నది అన్నా ఆట్కిన్స్. 1799లో పుట్టింది. పసితనంలోనే తల్లి పోతే తండ్రి పెంచాడు. ఆయన బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన శాస్త్రవేత్త, హెర్షెల్‌కు మిత్రుడు. తండ్రి అనువదించిన గవ్వల గ్రంథానికి ఆమె 250కి పైగా బొమ్మలు గీసింది. అంతటి చేయి తిరిగిన మనిషి కూడా సముద్రపు నాచుమొక్కల దగ్గర కుంచె దించింది. అంత సన్నని పోగులను తప్పు లేకుండా గీయడం కష్టమని తన పుస్తకపు ముందుమాటలో తానే చెప్పుకుంది. మొక్కను కాగితం మీద పరచి, పైన గాజుపలక పెట్టి, ఎండకు వదిలింది. కెమెరా లేదు. మొక్క పేర్లను సైతం పలుచని నూనెకాగితం మీద స్వహస్తంతో వ్రాసి, ఆ అక్షరాలనూ ఎండచేతనే అచ్చొత్తించింది. తొలి భాగం 1843 అక్టోబరులో వచ్చింది. టాల్బట్ పుస్తకం మొదలైనది 1844లో. అమ్మకానికి వెలువడిన వాటిలో ఆయనది మొదటిదని ఎవరైనా అంటే కాదనను. ఆమె ప్రతులు స్నేహితులకు, శాస్త్రసంఘాలకు పంచిపెట్టినవి. పదేళ్ళ పాటు ఒక్కొక్క కాగితం చేతితో చేస్తూ ఇంచుమించు 400 పటాలు తెచ్చింది.

ముందుమాట క్రింద 'ఎ.ఎ.' అని మాత్రమే సంతకం చేసింది. దానిని తరువాత ఒక పండితుడు 'అజ్ఞాత ఔత్సాహికుడు' అనే ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరాలనుకున్నాడు. చేతిలో పుస్తకం ఉండి కూడా పేరు పోయింది. నేను చేసినది అంతకంటే ఘనకార్యమేమీ కాదు.

భాషాపండితుణ్ణి కనుక ఒక్క మాట. ఫోటోగ్రఫీ అంటే వెలుగు వ్రాత. మన ఛాయాచిత్రం అంటే నీడ బొమ్మ. ఆట్కిన్స్ పనికి మన మాటే చక్కగా అతుకుతుంది. ఆ నీలంలో తెల్లగా కనబడేది మొక్క నీడే కదా!

మొన్న మే నెలలో మనవరాలితో కలిసి హెర్షెల్ పద్ధతిని పసుపుతో పరీక్షించాను. పసుపు ఎండకు వెలుస్తుందని ఆరుబయట బట్టలు ఆరవేసే ఇల్లాలందరికీ తెలుసు. మందుల దుకాణంలో దొరికే స్పిరిటులో పసుపు కలిపి వడగట్టి, కాగితానికి పూసి, చీకటి గదిలో ఆరబెట్టాం. వేపరెమ్మ పెట్టి, గాజుపలక అదిమి, మేడ మీద మూడు గంటలు ఉంచాం. రెమ్మ తీస్తే లేత కాగితం మీద పచ్చని వేపాకులు. సున్నపుతేట చిలకరిస్తే ఆకులు పారాణి రంగుకు తిరిగాయి. "తాతయ్యా, గోడకు తగిలిద్దామా?" అంది. తగిలిస్తే నెలకు మిగలదని చెప్పి పెట్టెలో పెట్టాను. రోజూ ఒకసారి తెరిచి చూస్తూనే ఉంది. నేను వద్దనలేదు.

ఆనాటి సంచిక ప్రతి ఒకటి నా వద్ద ఉంది. టాల్బట్ పేరు ప్రక్కన ఎర్రసిరాతో 'అన్నా ఆట్కిన్స్, 1843' అని వ్రాసి పెట్టుకున్నాను. నా పాత విద్యార్థులెవరైనా ఈ టపా చదివితే, తమ ప్రతిలో కూడా అలాగే దిద్దుకొనవలసిందిగా మనవి.