వేడిమికి నిలిచిన యంత్రము



తణుకులో వైశాఖమాసపు మధ్యాహ్న మెట్టిదో గోదావరి మండలమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. గాలి యాడదు, చెమట యాఱదు. అట్టి దినములలో మా యింటి కంప్యూటరు ప్రతిదినమును రెండుగంటల ప్రాంతమున, ఎవరును తాకకయే, దీపమార్పినట్లు ఆఱిపోవుచు వచ్చెను.

మా తండ్రిగారు డెల్టా కాలువలను గూర్చి వ్రాసియుంచిన నోటుపుస్తకములను నేను దానిలోనికి ఎక్కించుచుంటిని. కాగితము పొడియగుచున్నది, ఒకమారు త్రిప్పిన పుటను రెండవమారు త్రిప్పుటకు భయము. ఒకనాడు మూడుపుటలు ముగించి, భద్రపఱచుటకు మునుపే యంత్ర మాఱిపోయెను. అవే పుటలను మరల తీయగా నొకదాని అంచు రెండు పంక్తులతో సహా నా చేతిలో విఱిగివచ్చినది. మరమ్మతు చేయు నొకాయన వచ్చి చూచి, "మదర్‌బోర్డు పోయినదండీ, క్రొత్తది వేయవలసినదే" అని ధర చెప్పెను. నేను వెంటనే సరేయనకుండుటకు కారణము వివేకము గాదు. ఆ నెల చేతిలో సొమ్ము లేకపోవుటయే. ఆ వ్యవధిలో యంత్రము లెందుకు నిలిచిపోవునో చదువ మొదలిడితిని.

ఇది నేటి వింత గాదు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వు లుండెను. అవి మన పాత రేడియోపెట్టెలో ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజుబుడ్ల వంటివే. దానికి కావలసిన విద్యుత్తు 150 కిలోవాట్లు. అందు దాదాపంతయు వేడిమిగనే వెలికి వచ్చెడిది. గాలి నూదుటకు పెద్ద పంకాలు పెట్టిరి. అంతతో నిలువక, దాని బీరువాలయందు ఉష్ణమును కనిపెట్టు మీటలను గూడ నమర్చిరి. లోపలి వేడిమి 115 డిగ్రీల ఫారన్‌హీటును దాటినచో ఆ మీట తనంతట విద్యుత్తును నిలిపివేయును. అనగా నా గదిలో రెండుగంటలకు జరుగుచున్న దానిని ఆ పెద్దలు ముందే తలపెట్టి, కావలెనని కట్టిరి. ఈ సంగతి చదివిననాడు నా మనసు సగము కుదుటపడెను. నిలిచిపోవుట జబ్బు గాక జబ్బునుండి కాచు కట్టుబాటైనచో, వెదకవలసినది వేఱొకచోట.

మనదేశమున బొంబాయి టాటా పరిశోధనాలయమువారు 1960లో ముగించిన టిఫ్రాక్ యంత్రము కూడ వాల్వులదే. 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసెను, 1969లో టి.డి.సి.-12 అను స్వదేశపు కంప్యూటరును వెలువరించెను. ఆ సంస్థను నిలిపిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు 1914లో మా మండలమందలి మోగల్లులో జన్మించినవారు. ఈ మాట ప్రసంగమునకు మిక్కిలి అవసరము గాదు గాని, పొరుగూరి వారిని తలపక దాటుటకు మనసొప్పలేదు. ఆ తరము యంత్రములకు శీతలయంత్రములున్న గదులు సాధారణము. మన యింటి యంత్రమునకు ఆ భోగము లేదు.

ఇల్లు చేరిన కంప్యూటరుకు మూలము 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను చిన్న పలక. అందు 2,300 ట్రాన్సిస్టరులు. దాని వేడిమి ఒక వాటైనను లేదు, పంకా యూసే లేదు. 1993లో వచ్చిన పెంటియమునకు పదునైదు వాట్ల వఱకు చేరెను. అల్యూమినియపు రెక్కల దిమ్మయు, దానిపై చిన్న ఫ్యానును కావలసివచ్చెను. 2004 నాటికి కొన్ని ప్రాసెసరులు నూఱువాట్లను మించెను. వెలుగుచున్న నూఱువాట్ల పాతకాలపు బల్బును చేత పట్టుకొనలేము గదా. అంత వేడిమి బొటనవ్రేలి గోరంత పలకపై పుట్టుచున్నదని తలపుడు. ఆ యేటనే ఇంటెల్‌వారు ఇంకను వేగవంతముగ చేయదలచిన నమూనా నొకదానిని విడిచి, వేగము పెంచుటకు మాఱుగ ఒకే పలకలో రెండు కోరుల నుంచు త్రోవ పట్టిరి.

అంతకు మూడేండ్ల ముందు, 2001లో, ఒక పరీక్ష జరిగినది. పనిచేయుచున్న ప్రాసెసరుల మీదినుండి ఆ రెక్కల దిమ్మను ఊడదీసి చూచిరి. పెంటియం 4 తన వేగమును తగ్గించుకొని నెమ్మదిగ నడిచెను, పెంటియం 3 నిలిచిపోయెను, ఎ.ఎం.డి. వారి ఆథ్లాన్ క్షణములో మాడిపోయెను. నేటి ప్రాసెసరులన్నిటిలోను తాపమును కొలుచు సాధనము పలకయందే యుండును. నూఱు సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతమున మొదట వేగము తగ్గును; అప్పటికిని వేడిమి దిగనిచో విద్యుత్తు తెగును.

ఇది తెలిసిన పిమ్మట యంత్రమును ప్రశ్నించుట సులభమయ్యెను. ఆఱిన వెంటనే మరల వేసితిని. అయిదు నిమిషములకే ఆఱెను. అరగంట చల్లారనిచ్చి వేసితిని; ముప్పావుగంట నడిచెను. విద్యుత్తు నందించు పెట్టె చెడినను ఇట్టి వరుస కనబడవచ్చును. ప్రారంభమున బయాస్ అను పుటలోనికి పోయి చూడగా ప్రాసెసరు తాపము ఏ పనియు లేకయే 58 నుండి 90 దాటి పైకి ప్రాకుచుండెను.

తీగ ఊడదీసి పెట్టె తెఱచితిని. రెక్కల నడుమ దూదిపఱుపు వంటి దుమ్ము. మా వీథి చివర బియ్యపుమిల్లు గలదు. ఆ ఊకనుసి, వంటింటి నూనెపొగ, సముద్రపు తేమ కలిసి గట్టిపడినవి. దిమ్మను పట్టియుంచు నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో నొకటి గుంటనుండి పైకి లేచియున్నది. దిమ్మకును ప్రాసెసరుకును నడుమ పూయు లేపనము ఎండి పెచ్చులైనది. పెనమున కంటని చోట అట్టు కాలదు, ఇచటను అంతియే. ఎండిన లేపనపు సందులలో గాలి చేరినచో వేడిమి దిమ్మలోనికి ఎక్కదు. మఱి ఈ దుమ్ము పుష్యమాసమునను ఉండెను గదా, అప్పుడేల నిలువలేదందురా? ఫ్యాను గదిగాలిని విసరగలదే గాని గదికంటె చల్లని గాలిని తేలేదు. గదిలోని పది డిగ్రీల హెచ్చు ప్రాసెసరుకు సైతము దాదాపు పది డిగ్రీల హెచ్చే.

ఫ్యాను రెక్కలు తిరుగకుండ వ్రేలితో నొక్కిపట్టి, కుంచెతో దుమ్ము దులిపితిని. పాత లేపనమును ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తుడిచి, క్రొత్తది కందిగింజంత వేసి, నాలుగు కాళ్లును చప్పుడగునట్లు అదిమితిని. అందఱు నీ పని చేయవచ్చునని నే ననను. చేయి వణకువారు తెలిసినవారిచే చేయించుట మేలు. ఖర్చు లేపనపు గొట్టమునకైనదే. ఆనాటి రెండుగంటలకు గది 38 డిగ్రీలు, ప్రాసెసరు 61.

విఱిగిన అంచుమీది రెండు పంక్తులను నా జ్ఞాపకమునుండి వ్రాసి, అవి నావేయని ప్రక్కన గుఱుతు పెట్టితిని. పుస్తకము లింక రెండు మిగిలియున్నవి. యంత్రము బాగుగనే యున్నను, వానిని ఉదయము పూటనే ఎక్కించుచున్నాను.